ట్యాగ్ మీద ఇరవై నాలుగు

2023 జూన్. మదీనాగూడలో ముంబై హైవే పక్కన ఒక కాంప్లెక్స్ సెల్లార్‌లో నా మెషీన్ ఉండేది. ఇప్పటికీ అక్కడే ఉంది, అంటే నేనూ అక్కడే ఉన్నానని అర్థం. పైన పెళ్ళి బట్టల దుకాణం, ముందు స్కూటర్ల పార్కింగ్, మధ్యలో ఒక ట్యూబ్‌లైటు, దాని కింద నేను. టెన్నిస్ రాకెట్లకు తీగలు కట్టడం నా పని. మా వృత్తిలో దీన్ని స్ట్రింగింగ్ అంటారు, కస్టమర్లు గట్టింగ్ అంటారు, మా అమ్మ చుట్టాల ముందు స్పోర్ట్స్ ఇంజినీరింగ్ అంటుంది. నేను చదివింది బీటెక్కే. కూకట్‌పల్లిలో బీటెక్ ఆటలమ్మ లాంటిది. ఒక వయసులో అందరికీ పోస్తుంది, కొందరికి మచ్చలు మిగులుతాయి. నాకు మూడు సబ్జెక్టులు మిగిలాయి.

ఈ పనిలో తెలుసుకోవాల్సిన మాట ఒక్కటే, టెన్షన్. తీగను ఎన్ని కిలోల బలంతో లాగి బిగించామన్నదే టెన్షన్. ఎక్కువ బిగిస్తే బంతి చెప్పిన చోటికి వెళ్తుంది, కానీ దెబ్బ అదురంతా చేతిలోకి ఎక్కుతుంది. తక్కువ బిగిస్తే చేతికి హాయి, బంతి మాత్రం తనకు తోచిన చోటికి వెళ్తుంది. కట్టడం అయ్యాక హ్యాండిల్‌కు చిన్న కాగితం ట్యాగ్ వేలాడదీసి, దాని మీద ఆ అంకె రాస్తాం. మందుల షాపులో సీసా మీద చీటీ ఎంతో, మాకు ఆ ట్యాగ్ అంత. దాని మీద అబద్ధం రాయకూడదు.

నేను రాశాను. ఎనిమిది నెలలు రాశాను. ఈ కథ దాని గురించే.

కిరణ్ అన్న నా దగ్గరికి రావడం మొదలుపెట్టినప్పుడు ఆయనకు ఇరవై ఆరు, నాకు ఇరవై రెండు. చందానగర్‌లో పుట్టి పెరిగాడు. వాళ్ళ నాన్న ఒక క్లబ్బులో టెన్నిస్ కోర్టులు చూసుకునేవాడు. మట్టి చదును చేసేవాడు, గీతలు వేసేవాడు, సాయంత్రం నీళ్ళు చల్లేవాడు. అలా ఏడేళ్ళకే అన్న చేతికి రాకెట్ వచ్చింది. తర్వాత అది చేతిని వదల్లేదు, లేదా చెయ్యి దాన్ని వదల్లేదు. ఎవరు ఎవర్ని పట్టుకున్నారో నాకు ఇప్పటికీ స్పష్టంగా తెలీదు.

ప్రొఫెషనల్ టెన్నిస్ ఆటగాడు అనగానే మీకు టీవీలో కనిపించేవాళ్ళు గుర్తొస్తారు. వాళ్ళు మేడ మీద ఉండే కొద్దిమంది. ఆ మేడకు కూడా ఒక సెల్లార్ ఉంది, చాలా పెద్దది. అన్న అక్కడ ఉండేవాడు. ఆయన ర్యాంకు నాలుగంకెల్లో ఉండేది, కారు నంబరులాగా. అక్కడ కోచ్ ఉండడు, ఫిజియో ఉండడు. టికెట్లు తనే బుక్ చేసుకోవాలి, చెమట బట్టలు హోటల్ బాత్రూంలో తనే ఉతుక్కోవాలి. ప్రాక్టీసుకు తోడు దొరక్కపోతే, రేపు తనతో మ్యాచ్ ఆడబోయేవాణ్నే బతిమాలి ఇవాళ వాడితో ప్రాక్టీసు చేయాలి.

కొన్నిసార్లు ఆల్టర్నేట్‌గా కూర్చోవాలి. ఆల్టర్నేట్ అంటే జాబితాలో చోటు దక్కనివాడు. ఎవరైనా జ్వరమొచ్చి తప్పుకుంటే ఆ చోట్లోకి దూరొచ్చని, బూట్లు కట్టుకుని, ఒళ్ళు వేడెక్కేదాకా పరుగెత్తి, బెంచీ మీద ఎదురుచూసేవాడు. అన్న ఒకసారి లక్నోలో అలా రెండు రోజులు కూర్చుని తిరిగొచ్చాడు.

"ఏమైందన్నా?"

"అందరు ఆరోగ్యంగ ఉన్నరు తమ్మీ. గంత ఆరోగ్యం నేనెక్కడ చూడలే."

ఈజిప్టుకు వెళ్ళొచ్చినప్పుడు పిరమిడ్లు చూశావా అని అడిగాను. "హోటల్, కోర్టు, మళ్ళ హోటల్. పిరమిడ్ గిట్ల కోర్టు పక్కన కట్టుంటే చూస్తుంటి" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. నవ్వడానికి కూడా కాస్త ఓపిక కావాలి, అది ఆయన ఎయిర్‌పోర్టులో వదిలేసి వచ్చేవాడు.

మొదటి రోజు నుంచీ ఆయన చెప్పే అంకె ఒక్కటే. "ఇరవై నాలుగు, పాలీ." పాలీ అంటే పాలియెస్టర్ తీగ. గట్టిది, చేతిని ఏమాత్రం కనికరించదు. పద్నాలుగేళ్ళప్పుడు ఏదో క్యాంపులో ఒక కోచ్ ఇచ్చిన అంకె అది. పేరు, ఊరు, రక్తం గ్రూపు, ఇరవై నాలుగు. ఆయన వివరాలు అంతే.

తీగలు కట్టేవాడికి ఆటగాడి చెయ్యి కనిపించదు. ఆ చెయ్యి వాడిన రాకెట్ కనిపిస్తుంది. మొదట్లో అన్న వారానికి మూడు రాకెట్లు తెగ్గొట్టుకుని వచ్చేవాడు. తీగ సరిగ్గా నడిమధ్యలో, రూపాయి బిళ్ళంత చోట అరిగి తెగేది. బంతి ప్రతిసారీ అక్కడే, గట్టిగా, తిరుగుతూ తగులుతోందన్న మాట. 2023 వచ్చేసరికి తెగడం ఆగిపోయింది. అరుగుడు అరచెయ్యంత వెడల్పున అంచుల దాకా పాకింది. హ్యాండిల్ మీద గ్రిప్ టేపు ఒక చుట్టుకు బదులు రెండు చుట్లు వచ్చింది, పిడికిలి గట్టిగా బిగించలేనివాళ్ళు అలా లావు చేసుకుంటారు. ఎక్స్‌రే తీయకుండానే నాకు రిపోర్టు వచ్చేసింది.

ఆ జూన్‌లో ఒక మధ్యాహ్నం టీ తెప్పించాను. అన్న గ్లాసు ఎడమ చేత్తో అందుకున్నాడు.

"కుడి చేతికేమైందన్నా?"

"ఏమైతది? ఏం కాలే. పెద్దసారు ఈ చెయ్యి. టెన్నిస్ ఆడుతడు గని టీ మొయ్యడంట."

"డాక్టరుకు చూపించావా?"

"చూపించిన. ఆరు నెలలు ఆడొద్దన్నడు. నీకేం పని లేదా సారూ అని అడిగొచ్చిన. జర బయల్దేరాలె తమ్మీ, రాకెట్ రేపు తీస్కపోత. ఇరవై నాలుగు."

ఆయన వెళ్ళాక మెషీన్ మీద 24 నొక్కాను. కాసేపు దాన్నే చూశాను. 22కి తగ్గించి కట్టాను. ట్యాగ్ మీద మాత్రం 24 రాశాను.

ఎందుకంటే చెప్పడానికి గొప్ప కారణం లేదు. అడిగితే వద్దంటాడు. వాదిస్తే ఇంకో షాపుకు వెళ్తాడు, అక్కడ నిజమైన ఇరవై నాలుగు కట్టించుకుని చెయ్యి పూర్తిగా పోగొట్టుకుంటాడు. ఇది నేను అప్పుడు నాకు చెప్పుకున్నది. అసలు సంగతి ఏమిటంటే, ఆ టీ గ్లాసు నాకు నచ్చలేదు.

నాలుగు రోజులకు తిరిగొచ్చాడు. నేను గోడ వైపు తిరిగి ఏదో సర్దుతున్నట్టు నటించాను.

"మస్తు కట్టినవ్ తమ్మీ. సేమ్ కట్టు."

సేమ్ అన్నాడు. ఇరవై నాలుగు అనలేదు. అయిదేళ్ళలో ఆయన నోట ఆ అంకె రాకపోవడం అదే మొదటిసారి. నేను గమనించలేదు. ఒక ప్రొఫెషనల్ ఆటగాణ్ని ఏమార్చగలిగానని లోపల ఉబ్బిపోతున్నాను, చెవులు ఎక్కడ పనిచేస్తాయి? దీపావళికల్లా 21కి దించాను. ట్యాగ్ మీద 24. అన్న "సేమ్" అంటూనే ఉన్నాడు.

ఇక్కడ రమణమూర్తి గారు ప్రవేశిస్తారు. ఆయనది భీమవరం. హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డెలివరీ మేనేజరు, నల్లగండ్లలో ఒక గేటెడ్ కమ్యూనిటీలో నివాసం, అక్కడి క్రీడా కమిటీలో సభ్యుడు. శని, ఆదివారాలు టెన్నిస్ ఆడతారు, మిగతా అయిదు రోజులు దాని గురించి మాట్లాడతారు. నవంబరులో ఒక రోజు నా బల్ల మీద అన్న రాకెట్ చూసి, ట్యాగ్ తిప్పి చదివారు.

"కిరణ్ గారిదాండి ఇది? ఇరవై నాలుగు! నాక్కూడా అంతే కట్టేయండి."

"మీకు ఇరవై చాలండి."

"అదేంటండీ అలాగంటారు? ఆయనదీ చెయ్యే, నాదీ చెయ్యే."

నిజం చెప్పడానికి అదొక అవకాశం. ఆ ట్యాగ్ అబద్ధమండి, లోపలున్నది ఇరవై ఒకటేనండి అని చెప్పొచ్చు. చెబితే ఆయన ఆదివారానికల్లా అన్నకు చేరవేస్తారు. నోరు మూసుకుని ఆయనకు నిఖార్సైన ఇరవై నాలుగు కట్టాను. ఆ విధంగా సైబరాబాద్ మొత్తంలో కిరణ్ అన్న టెన్షన్‌తో ఆడుతున్న ఏకైక వ్యక్తి ఒక డెలివరీ మేనేజరు అయ్యారు.

నాలుగు వారాలకు మోచేతికి బెల్టు కట్టుకుని వచ్చారు. ముఖంలో నొప్పి కన్నా ప్రమోషన్ వచ్చిన కళే ఎక్కువ కనిపించింది.

"టెన్నిస్ ఎల్బో అన్నారండి డాక్టరుగారు. మౌస్ కూడా పట్టుకోలేకపోతున్నాను. కిరణ్ గారు ఎలా తట్టుకుంటున్నారో మరి! వాళ్ళ ఒళ్ళే వేరండి."

నేను ఆ తీగలు కోసేసి పంతొమ్మిది కట్టాను. ట్యాగ్ మీద పంతొమ్మిదే రాశాను. సాయం చేస్తున్నాననుకుని రాసిన ఒక అంకె, దానితో ఏ సంబంధమూ లేని మనిషి మోచేతిలో తేలింది.

వెళ్ళేముందు రమణమూర్తి గారు ఇంకో మాట చెప్పారు. "మా కమ్యూనిటీకి హెడ్ కోచ్ కావాలండి. కిరణ్ గారిని అడిగాను. ఫిబ్రవరి దాకా ఆగమన్నారు. అప్పటిదాకా ఏముందంటారు?"

ఏముందో నాకు తెలుసు. ఒక్క పాయింటు ఉంది.

ఈ ఆటలో పాయింట్లు ఏడాదే బతుకుతాయి. ఏ వారం వచ్చిందో, మరుసటి ఏడు ఆ వారానికి రాలిపోతుంది. దాని బదులు ఇంకోటి సంపాదిస్తేనే జాబితాలో ఉంటారు. అన్న దగ్గర అప్పటికి మిగిలింది ఒకే ఒక్కటి. కిందటి ఫిబ్రవరిలో బెంగుళూరులో ఒక మ్యాచ్ గెలిస్తే వచ్చింది. అది రాలిన సోమవారం ప్రపంచ జాబితాలో ఆయన పేరు ఉండదు. కింద ఉండటం కాదు, అసలు ఉండదు.

అదృష్టమో ఏమో, అదే ఫిబ్రవరిలో మన ఊళ్ళోనే ఒక చిన్న టోర్నమెంటు పడింది. అడుగు మెట్టు స్థాయిది. మొదటి రౌండు గెలిస్తే ఒక పాయింటు. ఊరివాడని నిర్వాహకులు అన్నకు వైల్డ్ కార్డ్ ఇచ్చారు, అంటే ర్యాంకు చూడకుండా నేరుగా చోటు. ఊళ్ళో ఇంకెవరూ దొరక్క స్ట్రింగింగ్ బల్ల నాకిచ్చారు. మ్యాచ్‌కు ముందు రోజు అన్న మూడు రాకెట్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"సేమే గదా అన్నా?"

"సేమే."

"ఒకవేళ ఓడిపోతే?" అని అడిగాను. ఇలాంటివి ముందు రోజు అడగకూడదు. నాకు ఎప్పుడు ఏది అడగకూడదో అదే నోటికొస్తుంది.

ఆయన కోప్పడలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఏం చేస్తుంటవ్ అని ఎవ్వరన్న అడిగితే ఇప్పుడైతే ర్యాంకు చెప్త. ఎంత పెద్ద నంబరున్నా నంబరు నంబరే. రేపటెన్క ఏం చెప్పాలె?"

"మాజీ ఆటగాడు అను. బావుంటుంది, సన్మానాలు కూడా చేస్తారు."

"మాజీ అనాల్నంటే మనమే మానెయ్యాలె తమ్మీ. లిస్టుల నుంచి రాలిపోయినోన్ని మాజీ అనరు. 'గాడు ఎటుపోయిండు?' అంటరు."

మూడు రాకెట్లకూ 21 కట్టాను. మూడు ట్యాగుల మీదా 24 రాశాను.

మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు మ్యాచ్. ప్రత్యర్థి పుణె నుంచి వచ్చిన పంతొమ్మిదేళ్ళ కుర్రాడు. బంతిని తన సొంత శత్రువులా కొడుతున్నాడు. ప్రేక్షకులు పదకొండు మంది, అందులో ఇద్దరు నీడ కోసం వచ్చినవాళ్ళు. నా బల్ల వరండాలో ఉంది, మెడ సాగదీస్తే సగం కోర్టు కనిపిస్తుంది. అన్న భార్య మాధవి అక్క గ్యాలరీ మొదటి వరసలో కూర్చుంది. ఆవిడది కడప. గచ్చిబౌలిలో ఒక కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం. ఒళ్ళో లాప్‌టాప్, చెవిలో మీటింగు, కళ్ళు మాత్రం కోర్టు మీద.

మొదటి సెట్టు అన్న 3-6తో పోగొట్టుకున్నాడు. ఎలా పోయిందో నేను చూశాను. ఆయన కొట్టిన బంతులు గీత దాటి జానెడు బయట పడుతున్నాయి. ఎండకు బంతి తేలిగ్గా ఎగురుతోంది, ఆ కుర్రాడి దెబ్బ బరువుగా వస్తోంది. వదులు తీగల మీద అంత బరువు పడితే బంతి ఆగదు. అన్న తప్పు ఏమీ లేదు. ఆ జానెడు నేను కట్టిన జానెడు.

రెండో సెట్టు 1-2 దగ్గర ఆటగాళ్ళు వైపులు మారుతుండగా, మాధవి అక్క ఒక రాకెట్ పట్టుకుని గబగబా వరండాలోకి వచ్చింది. మ్యాచ్ మధ్యలో రాకెట్ బయటికి పంపి మళ్ళీ కట్టించుకోవడం మామూలే, తీగ తెగినప్పుడు అందరూ చేస్తారు. అందుకుని చూశాను. తెగలేదు.

"ఇది బాగానే ఉందక్కా."

"ఉంటే ఉండనీ. కోసేసి మళ్ళీ కట్టమన్నాడు. ఏమబ్బా సందీపూ, నాకేం అర్థం కాలా. 'ఈసారి నిజం ఇరవై నాలుగు కట్టమను' అన్నాడు. అబద్ధం ఇరవై నాలుగు కూడా ఉంటాదా?"

ఎనిమిది నెలలుగా నేను ఏమారుస్తున్నాననుకున్న మనిషి, రెండో సెట్టు మధ్యలో, భార్య చేత నాకు కబురు పంపాడు.

"అక్కా, అంత గట్టిగా కడితే ఆయన మోచెయ్యి..."

"నాకు తెలీదా? పొద్దున పళ్ళు తోముకునేది ఎడం చేత్తోనే. అన్నం కలుపుకునేటప్పుడు నేను అటు తిరిగి కూర్చుంటా, చూస్తే సిగ్గుపడతాడని. నువ్వు కట్టబ్బా. మళ్ళీ మీటింగులో నన్ను పిలుస్తాండారు."

తీగలు కోశాను. మెషీన్ మీద 24 నొక్కాను. వేలు ఒక్క క్షణం కింది బాణం మీదికి వెళ్ళింది. ఇరవై రెండు చేస్తే? చెయ్యీ కాస్త నిలుస్తుంది, బంతీ కాస్త ఆగుతుంది. అలవాటైన చెయ్యి అలాగే ఆలోచిస్తుంది. కానీ ఇన్ని నెలలు నేను ఆయన్ని అడగకుండా చేశాను. ఇప్పుడు ఆయన నోరు తెరిచి అడిగాడు. వేలు వెనక్కి తీసుకున్నాను. నిలువు తీగలు పదహారు, అడ్డ తీగలు పంతొమ్మిది, అన్నీ ఇరవై నాలుగు. పద్దెనిమిది నిమిషాలు పట్టింది. బీటెక్‌లో ఖాళీ పేపరు ఇచ్చి రావడానికి కూడా నాకు అంతకన్నా ఎక్కువసేపు పట్టేది.

రాకెట్ కోర్టులోకి చేరేసరికి అన్న 3-4తో వెనకబడి ఉన్నాడు. నేను బల్ల వదిలేసి గ్యాలరీ దగ్గరికి వెళ్ళాను. మొదటి బంతి కొట్టగానే శబ్దం మారింది. వదులు తీగ దుప్పటి దులిపినట్టు మోగుతుంది, బిగువు తీగ తలుపు కొట్టినట్టు మోగుతుంది. బంతి గీతకు లోపల పడింది. రెండోదీ లోపలే. మూడోదాని తర్వాత ఆయన కుడి చెయ్యి కిందికి వేలాడేసి, రాకెట్‌ను ఎడమ చేతిలోకి మార్చుకోవడం చూశాను. ప్రతి పాయింటు తర్వాతా అదే. టీ గ్లాసు లాగే.

రెండో సెట్టు 7-5. మూడో సెట్టులో ఇద్దరూ అలిసిపోయారు, కుర్రాడు ఎండకు, అన్న అన్నిటికీ. సర్వీసు వేగం సగానికి పడిపోయింది. ఆ కుర్రాడు అంత నెమ్మది బంతులు అలవాటు లేక తికమకపడ్డాడు. 5-4 దగ్గర అన్నకు మ్యాచ్ పాయింటు వచ్చింది. మాధవి అక్క లాప్‌టాప్ మూసేసింది. వీరోచితమైన ముగింపు ఒకటి చెప్పాలని నాకూ ఉంది. కానీ జరిగింది ఏమిటంటే, ఆ కుర్రాడు సర్వీసు రెండుసార్లూ నెట్‌కి కొట్టాడు. డబుల్ ఫాల్ట్. ఆఖరి పాయింటుకు అన్న రాకెట్ కదిలించనే లేదు. పదకొండు మందిలో ఆరుగురు చప్పట్లు కొట్టారు, మిగతావాళ్ళకు అయిపోయిందని తెలియలేదు.

అరగంట తర్వాత వరండాలో నా బల్ల పక్కన కూర్చున్నాడు, మోచేతికి ఐస్ సంచి కట్టుకుని. నేను తల వంచుకుని ఎవరిదో రాకెట్ కడుతున్నాను.

"ఎప్పట్నుంచి తెలుసన్నా?"

"మొదటి రాకెట్, మొదటి బంతి."

"రెండు కిలోలే కదా తగ్గించాను."

"ఇరవై నాలుగేండ్లు ఈ చెయ్యితోనే బతికిన. రెండు కిలోలు తెల్వదనుకున్నవా? నీ మెషీన్ మీద నంబరు తప్పొచ్చుగని నా మోచెయ్యి మీద తప్పు రాదు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

ఐస్ సంచి సర్దుకున్నాడు. "చెప్తే నేనే నోరు తెరిచి తక్కువ కట్టమని అడగాల్సొస్తుండె. నువ్వు అడగకుంటనే కట్టినవ్. ట్యాగ్ చూస్కుంటె ఇరవై నాలుగు కనబడ్తుండె. చెయ్యికి సుఖం, కండ్లకు సుఖం. ఇగ ఫికర్ ఎందుకనుకున్న."

"నేను నిన్ను ఏమారుస్తున్నాననుకున్నాను."

"ఇద్దరం కల్సి నన్ను ఏమార్చినం తమ్మీ. అంతే."

తర్వాత రెండో రౌండు ఆడలేదు. గాయమని తప్పుకున్నాడు. "లక్నోల నేను ఎదురుచూసిన జ్వరం ఇప్పుడొచ్చింది. ఎవ్వనికన్న పనికొస్తది" అన్నాడు. ఆ వారమే రమణమూర్తి గారికి ఫోన్ చేసి కోచ్ పని ఒప్పుకున్నాడు. నేను అర్థంకాక అడిగాను, ఎలాగూ మానేసేవాడివి, అంత చెయ్యి పాడుచేసుకుని గెలవడం ఎందుకు అని. "గెల్చి మానేస్తున్న. ఇప్పుడు మాజీ అను, ఏమన్న అను" అన్నాడు.

ఆ పాయింటు ఏడాది బతికింది. ఏడాదంతా ఆయన నల్లగండ్లలో డెలివరీ మేనేజర్లకు, వాళ్ళ పిల్లలకు ఫోర్‌హ్యాండ్ నేర్పుతూనే ఉన్నాడు, ప్రపంచ జాబితా అట్టడుగున ఆయన పేరు ఉంటూనే ఉంది. రమణమూర్తి గారు ఆ పేజీ ప్రింటు తీసి క్లబ్‌హౌస్ నోటీసు బోర్డులో, మంచినీళ్ళ ట్యాంకు కడిగే తేదీ పక్కన అతికించారు.

ఆయనకు కూడా నిజం చెప్పాలి కదా. మ్యాచ్ అయిన మరుసటి నెల, మార్చిలో ఒక శనివారం ధైర్యం తెచ్చుకుని చెప్పేశాను. ఆ ట్యాగ్ అబద్ధమండి, మీ మోచేతికి కారణం నేనేనండి అన్నాను. తిడతారనుకున్నాను. ఆయన బెల్టు లేని మోచెయ్యి నిమురుకున్నారు. తర్వాత ఆయన ముఖం వెలిగిపోయింది.

"అంటే ఆ నాలుగు వారాలు కిరణ్ గారి కన్నా నేనే గట్టి టెన్షన్‌తో ఆడానన్నమాటండీ!"

క్షమాపణ అడిగితే సన్మానం చేసినట్టయింది. ఆయన సంతోషం నా తప్పును తగ్గించదు, అది నాకు తెలుసు. నా అబద్ధం వల్ల ఆ మనిషి మౌస్ పట్టుకోలేకపోయాడు.

ఇదంతా జరిగాక నా పద్ధతి ఒకటి మారింది. కొత్త కస్టమరు వచ్చి అంకె చెబితే వెంటనే రాసుకోను. "చెయ్యి ఎలా ఉందండి?" అని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు, గట్టింగ్‌కు వస్తే దవాఖానలో అడిగినట్టు అడుగుతాడేంది అని. తగ్గించాలనిపిస్తే ముఖం మీదే చెబుతాను, వద్దంటే అడిగిందే కడతాను, కట్టిందే రాస్తాను. ట్యాగ్ రాకెట్ యజమాని ఒక్కడి కోసమే అనుకునేవాణ్ని. పక్కనుంచి తొంగి చూసేవాడు కూడా దాన్ని చదువుతాడు.

ఏప్రిల్‌లో కిరణ్ అన్న ఒక్క రాకెట్ పట్టుకుని సెల్లార్ మెట్లు దిగి వచ్చాడు. మెడలో విజిల్, నెత్తి మీద కమ్యూనిటీ పేరు రాసిన టోపీ.

"ఎంతన్నా?" అని అడిగాను. సేమ్ అంటాడేమోనని చూశాను.

"పద్దెనిమిది."

కట్టాను. పెన్ను తీసి ట్యాగ్ దగ్గర ఆగి ఆయన వంక చూశాను.

"పద్దెనిమిదే రాయి తమ్మీ. పిల్లలు చూస్తరు."

రాశాను. ఆయన ట్యాగ్ తిప్పి చదువుకుని, రాకెట్ కుడి చేత్తో అందుకున్నాడు. టీ మాత్రం ఇంకా ఎడమ చేత్తోనే తాగాడు.